వరసలో నిలబడ్డ బూటు

ప్రజలకూ వాళ్ళ అవసరాలకూ మధ్య ఉన్న దూరాన్ని తగ్గించడమే ప్రభుత్వం చేయవలసిన మొదటి పని. ఈ పరమ సత్యాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు గుర్తించిన కార్యాలయం కర్ణాటకలోని పావగడలో, కొండ కింద, ఒక ఎరువుల గోడౌను పైన ఉండేది. దాని పేరు దూర నివారణ మండలి. చెనక్కాయ పంట ఏటేటా ఎండిపోతున్న ఎనభైల చివర్లో ఆ మండలి పుట్టింది. రోడ్లు లేని ఊళ్ళకు రోడ్లు, నీళ్ళు లేని ఊళ్ళకు బోర్లు, ఇంకా దూరమనేది ఎక్కడ కనబడితే అక్కడ దాన్ని తగ్గించమని దానికి ఆదేశం. (అంతవరకు అది తగ్గించిన దూరం సెక్రటరీగారి కుర్చీకీ ఫ్యానుకీ మధ్య ఉన్నది ఒక్కటే.)

ఒకనాడు మండలికి బెంగళూరు నుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. అందులో ఒక జత పరుగు బూట్లు ఉన్నాయి. తెల్లవి, పక్కన నీలం చార, మడమ కింద బన్నంత మందాన స్పాంజి. రోజూ సాధన చేసేవారికి మబ్బుల మీద పరుగెత్తినట్టు ఉంటుందని పెట్టె మీద అచ్చువేసి ఉంది. మబ్బులన్న మాట చదవగానే ఆఫీసులో అందరూ లేచి, కిటికీలోంచి ఒకసారి ఆకాశం చూసి వచ్చి కూర్చున్నారు. ఈ బూట్లను సామాన్యుల చేత రోజూ వాడించి సమీక్ష రాసి పంపవలసిందనీ, బాగున్న పక్షంలో కరువు తాలూకాలన్నిటికీ సరఫరా చేస్తామనీ పెట్టెతోపాటు ఒక ఉత్తరం.

మెత్తదనాన్ని ముందు ఆఫీసులోనే తేల్చాలని నియమం. హోదా తప్పకుండా ఒక్కొక్కరే వచ్చి బొటనవేలితో మడమ నొక్కారు. సెక్రటరీగారు నొక్కి, మెత్తగా ఉందన్నారు. సూపరింటెండెంటు ఇంకొంచెం గట్టిగా నొక్కి సెక్రటరీగారితో ఏకీభవించాడు. గుమాస్తాలు నొక్కారు, జవాను నొక్కాడు, బాడుగ అడగడానికి వచ్చిన గోడౌను ఓనరు కూడా నొక్కి పోయాడు. సాయంత్రానికి ఎడమ బూటులో ఒక గుంట మిగిలింది. దాన్ని తయారీ లోపంగా రాసుకున్నారు.

సమీక్ష రాసే బాధ్యత ఓబళప్ప మీద పడింది. మండలిలో అందరికంటే దస్తూరి బాగున్నవాడు ఆయనే కాబట్టి, ఆయన్ను తాత్కాలిక బూటు పరిశీలకుడిగా నియమించారు. ఉత్తరం ప్రకారం బూట్లు వాడే మనిషికి రోజూ పరుగెత్తే అలవాటు ఉండాలి, మట్టినేల మీద పరుగెత్తాలి, వెనక కుక్కగానీ పోలీసుగానీ ఉండకూడదు. ఓబళప్ప మొదట హైస్కూల్లో ఆటలు నేర్పే జయరామప్ప మేష్ట్రును అడిగాడు. పరుగెత్తించడం తన ఉద్యోగమనీ, పరుగెత్తడం ఇతరుల పని అనీ ఆయన కుర్చీలోంచి లేవకుండానే వివరించాడు. బస్టాండులో బస్సు వెనక పరుగెత్తేవాళ్ళు చాలామంది దొరికారు గానీ, బస్సు రోజూ రాదు కాబట్టి అది రోజువారీ సాధన కిందికి రాదు. ఆఖరికి మంగళవాడ అవతల కొల్లప్పగుట్ట అనే చిన్న ఊళ్ళో నరసక్క అనే ఆవిడ ఉందనీ, ఆమె రోజూ పరుగెత్తుతుందనీ, అదీ ఏ ప్రోత్సాహమూ లేకుండానే పరుగెత్తుతుందనీ తెలిసింది.

నరసక్క పరుగుకు ఒక పద్ధతి ఉంది. కొల్లప్పగుట్ట బావి ఎండిపోయి అడుగున తుమ్మచెట్టు మొలిచింది. నీళ్ళున్నది గుట్ట అవతల హనుమంతరాయుడనే రైతు తోటలో, ఆయన పంపుసెట్టులో. కరెంటు ఎప్పుడొస్తుందో కరెంటువాళ్ళకే తెలియదు. వచ్చినప్పుడు ఊళ్ళో పిండిమర టకటకమని మొదలవుతుంది. ఆ చప్పుడు చెవిన పడితే చాలు, పొయ్యి మీద సంగటి ఉన్నా, చేతిలో కొడవలి ఉన్నా, ఆడవాళ్ళంతా కడవలెత్తుకుని పరుగు. కరెంటు పోయేలోపు అందినవాళ్ళకు నీళ్ళు. అందనివాళ్ళు మళ్ళీ పిండిమర వైపు చెవి పెట్టుకుని కూర్చోవలసిందే. నరసక్క ఇల్లు ఊరి చివర కావడంతో ఆమె అందరికంటే వేగంగా పరుగెత్తడం నేర్చుకుంది. (పిండిమరను ఓబళప్ప పోటీ ప్రారంభ సూచనగా నమోదు చేసుకున్నాడు.)

నరసక్కకు బూట్లతో పనిలేదు. ఆమెకు కావలసింది బోరు. ఊరివాళ్ళు అర్జీ పెట్టి ఏళ్ళు గడిచాయి. భూమిలో నీళ్ళు చూసేవాడు కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని ఊరంతా తిరిగితే, అది నరసక్క ఇంటి ముందరే లేచి నిలబడింది. అక్కడ రాళ్ళు పాతి, పసుపు పూసి, బోరు లారీ కోసం ఊరంతా ఎదురుచూస్తోంది. నరసక్క రోజూ ఆ రాళ్ళు దాటుకునే పరుగెత్తేది. అడుగున నీళ్ళున్నచోటు తొక్కుకుంటూ నీళ్ళకోసం గుట్ట అవతలికి పోవాలంటే ఆమెకు కడుపు మండిపోయేది. బోరు అర్జీ ఉన్నది ఓబళప్ప ఆఫీసులోనే అని తెలియగానే ముందు ఆ సంగతే అడిగింది.

"బోరు వేస్తారా సార్? అదొకటి చెప్పు. బూటేసుకోమంటే బూటేసుకుంటా, టోపీ పెట్టుకోమంటే టోపీ పెట్టుకుంటా."

"రిపోర్టు బాగా వస్తే మీ ఊరి పేరు పైకి పోతాదమ్మా," అన్నాడు ఓబళప్ప. "పేరు పైకి పోతేనే బోరు కిందికి దిగేది."

ఆయన మోసం చేయాలని ఆ మాట అనలేదు. పాపం, నిజంగానే అలా నమ్మేవాడు.

బూట్లు మగవాళ్ళ కొలతవి. నరసక్క ముందువైపు ఖాళీలో చెనక్కాయ పొట్టు కూరి కాళ్ళు పెట్టింది. అడుగేస్తే కరకరమంటోంది. ఓబళప్ప దాన్ని చెవికింపైన మెత్తదనం అని రాసుకున్నాడు. ఇంతలో పిండిమర మోగింది. నరసక్క చీర ఎగదోపుకుని పరుగు తీసింది. బూటు తాళ్ళకు పల్లేరుకాయలు పట్టుకున్నాయి, లోపలికి ఇసుక పోయింది, వంక దాటేచోట ఒక బూటు వెనకే ఆగిపోయింది. దానికోసం వెనక్కి పోయి వచ్చేసరికి కరెంటు పోయింది. ఆ పూట ఇంట్లో సంగటి చేయడానికి నీళ్ళు లేవు. మొగుడు బొమ్మన్న పక్కింటి కెంచమ్మను అడిగి చిన్న బిందెడు నీళ్ళు తెచ్చిపెట్టి, నువ్వు మబ్బుల మీద పరుగెత్తితే వానన్నా పడుతుందనుకున్నానే అని వేళాకోళమాడాడు. ఆమెకు నవ్వు రాలేదు. మరునాడు వట్టికాళ్ళతోనే పరుగెత్తింది. అయితే సర్కారు సొత్తును ఇంట్లో పెట్టిపోతే ఎలుకలు కొరుకుతాయన్న భయంతో, బూట్లను తాళ్ళు ముడేసి మెళ్ళో వేసుకుని పోయింది.

పంపుసెట్టు దగ్గర వరసకు ఒక ఆచారం ఉంది. మొదటి కడవ ఇంట్లో పోసి తిరిగి వచ్చేలోపు చోటు పోకుండా ఏదో ఒకటి అక్కడ పెట్టిపోవాలి. ఖాళీ కడవ పెడితే దొర్లిపోతుంది. రాయి పెడితే అది ఎవరి రాయో దేవుడు కూడా చెప్పలేడు. చెప్పు పెడితే కెంచమ్మ కాలితో పక్కకు తోసేస్తుంది. ఆ రోజు నరసక్క ఎడమ బూటు తీసి తన చోట్లో పెట్టిపోయింది. దాని మీద మండలివారి ఎర్రముద్ర, కదిలించినవారు శిక్షార్హులు అని కన్నడంలో రాత. ఆమె తిరిగి వచ్చేసరికి బూటు పెట్టినచోటే ఉంది. దానికి ముందూ వెనకా జానెడు చోటు వదిలి అందరూ ఒద్దికగా నిలబడి ఉన్నారు, కెంచమ్మతో సహా.

ఆనాటి నుంచి ఎడమ బూటు పంపుసెట్టు దగ్గర, కుడి బూటు మంగళవాడలో కిరసనాయిలు ఇచ్చే డిపో దగ్గర ఉద్యోగంలో చేరాయి. నరసక్క వట్టికాళ్ళతో రెండింటి మధ్యా తిరిగేది. డిపో యజమాని బూటు వంతు రాగానే దాన్ని పిలిచి, నరసక్క వచ్చేదాకా తక్కినవాళ్ళను ఆపేవాడు. ఎండకు సర్కారు సొత్తు చెడితే తన మీదికి వస్తుందని హనుమంతరాయుడు ఎడమ బూటు మీద చిన్న పందిరి వేయించాడు. (ఆ వరసలో గంటల తరబడి నిలబడే ఆడవాళ్ళకు పందిరి లేదు. వాళ్ళ మీద ముద్ర లేదు.) కెంచమ్మ కూడా పంతం విడిచి, మా ఇంట్లో కిరసనాయిలు అయిపోయింది, కుడి బూటు ఒక్కపూట ఇస్తావా అక్కా అని అడిగింది. నరసక్క ఇచ్చింది.

వారానికొకసారి ఓబళప్ప వచ్చేవాడు. పందిరి కింద బూటును చూసి మొదటిసారి కాస్త కంగారుపడ్డాడు.

"బూటు కాలికి ఉండాల గదమ్మా?"

"కాలికేసుకుంటే నన్ను ఎనక్కి లాగుతాది సార్. ఈడ పెట్టిపోతే, నేను లేకున్నా నా చోట్లో నిలబడి ఉంటాది. మా మాట ఎవురూ వినరు గానీ, దాని మాట వింటారు."

ఓబళప్ప ఫారం తిరగేసి చూశాడు. బూటు ఎవరి కాలికి ఉందని అడిగే గడి అందులో లేదు. ఆయన ఊపిరి పీల్చుకుని ఉన్న గడులు నింపడం మొదలుపెట్టాడు. నేలను అంటిపెట్టుకునే గుణం అమోఘమనీ, పెట్టినచోటి నుంచి అంగుళం కదలదనీ రాశాడు. నెలలు గడిచాక, అన్నాళ్ళు వాడినా అడుగు ఇసుమంతైనా అరగలేదన్నాడు. బూట్లు వచ్చాక ఆమె పరుగు తేలికపడిందన్నాడు. (ఇది నిజమే. చోటు పోతుందన్న దిగులు లేనప్పుడు ఎవరి కాళ్ళైనా తేలికపడతాయి.) అబద్ధమనేది ఒక్కటి లేకుండా ఒక నివేదిక అంత తప్పుగా తయారుకావడం ఆ తాలూకాలో అదే మొదలు.

ఆఖరి ప్రశ్న ఆమెనే అడిగి రాయాలి. బూట్లు వచ్చాక మీకు దూరం ఎలా ఉంది? జవాబులు కూడా అచ్చువేసే ఉన్నాయి. తగ్గింది, బాగా తగ్గింది, చెప్పలేనంత తగ్గింది.

"దూరం యాడ తగ్గుతాది సార్? పంపుసెట్టు ఆడే ఉండాది, నా ఇల్లు ఈడే ఉండాది," అంది నరసక్క.

అలాంటి జవాబుకు గడి లేదనీ, గడి లేని జవాబు రాస్తే కాగితం వెనక్కి వస్తుందనీ, కాగితం వెనక్కి వచ్చిన ఊరికి బోరు మాట ఎవరూ తలవరనీ ఓబళప్ప ఓపిగ్గా చెప్పాడు. నరసక్క ఇంటి ముందరి పసుపు రాళ్ళు తలుచుకుంది.

"అట్లయితే బాగా తగ్గిందని రాసుకో సార్," అని వేలిముద్ర వేసింది. మరీ చెప్పలేనంత అబద్ధమాడటానికి ఆమెకు మనసొప్పలేదు.

నివేదిక చూసి బెంగళూరులో చాలా సంతోషించారట. అరగని అడుగు ఉన్న బూటును తాము కూడా అంతకుముందు చూడలేదట. బూట్లను వెనక్కి తీసుకుని సెక్రటరీగారి గదిలో గాజు బీరువాలో పెట్టారు. పందిరి కింద నరసక్క చోటు ఖాళీ అయింది. అయినా ఆమె బాధపడలేదు. బోరు వస్తే ఆ చోటుతో ఏం పని?

బోరు లారీ నిజంగానే వచ్చింది. దుమ్ము లేపుకుంటూ అది గుట్ట మలుపు తిరగగానే ఊరంతా నరసక్క ఇంటి ముందు చేరింది. ఆమె రాళ్ళకు మళ్ళీ పసుపు పూసి, కొబ్బరికాయ పట్టుకుని నిలబడింది. లారీ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, వేరే ఊరి పేరు చెప్పి దారి అడిగాడు. మండలివారి ఉత్తర్వు అతని చేతిలోనే ఉంది. కొల్లప్పగుట్టలో దూరం బాగా తగ్గినట్టు వాడుకదారే వేలిముద్రతో ధ్రువీకరించినందున, అక్కడ తగ్గించవలసిన దూరమేమీ మిగలలేదనీ, సదరు బోరును దూరం ఇంకా మిగిలి ఉన్న ఊరికి మార్చడమైనదనీ అందులో ఉంది.

లారీ పోయాక నరసక్క ఆ రాళ్ళ మీదే కూర్చుని ఏడ్చింది. ఎవరిని తిట్టాలో తెలియక తన బొటనవేలినే చూసుకుంటూ ఏడ్చింది. కెంచమ్మ వచ్చి పక్కన కూర్చుంది. మరునాడు పంపుసెట్టు దగ్గర నరసక్క చోట్లో కెంచమ్మ తన చెప్పు పెట్టి, దీన్ని ఎవరు తోస్తారో చూస్తానంటూ పక్కనే నిలబడింది.

ఒకసారి తగ్గించిన దూరాన్ని మళ్ళీ తనిఖీ చేయాలని మండలి నియమం. ఓబళప్ప ఆఫీసు గడియారం పట్టుకుని వచ్చాడు. పిండిమర మోగినప్పటి నుంచి నరసక్క పంపుసెట్టు చేరేదాకా ఎంతసేపు పట్టిందో చూశాడు. తలదించుకుని వెళ్ళిపోయాడు. అయితే చూసింది రాయకపోతే ఆయన ఉద్యోగం ఉండదు.

కొన్నాళ్ళకు పావగడ నుంచి జవాను సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. ఎండకు నాలుక పిడచకట్టుకుపోయి, ముందు చెంబెడు నీళ్ళిమ్మన్నాడు. నరసక్క కడవ వంచి ఇచ్చింది. అతను గటగటా తాగి, మూతి తుడుచుకుని, సంచిలోంచి నోటీసు తీసి చదివి వినిపించాడు. బాగా తగ్గిన దూరాన్ని పరుగెత్తడానికి మునుపటంత సేపే ఎందుకు పడుతోందో, ఆమె స్వయంగా పావగడకు వచ్చి సంజాయిషీ ఇచ్చుకోవాలని అందులో ఉంది.