స్టాంపుకెక్కబోయిన బాలయ్య మేస్త్రి

ఆ ఆదివారం పొద్దున్నే అర్జీ రాసి పడేసి, మధ్యాహ్నం మటన్ తిని హాయిగా పడుకోవాలని నారాయణ అనుకున్నాడు. అతను తపాలా ఆఫీసులో ఉత్తరాల మీద ముద్రలు కొట్టే ఉద్యోగి. ఇరవై ఏళ్లుగా ఎవరెవరి శతజయంతి స్టాంపుల మీదో గుద్దిన చెయ్యి అది. వచ్చే ఏడు ఏయే సందర్భాలకు స్టాంపులు వేయాలో ప్రజలు కూడా సూచించవచ్చన్న కాగితం కంటపడగానే అతనికి ప్రాణం లేచి వచ్చింది. చచ్చేలోగా ఒక్కసారి పాలమూరు నుంచి వలసొచ్చిన తమవాళ్ల ముఖం స్టాంపు మీద చూడాలని అతని ఆశ.

బొంబాయి కామాటిపురలో అతనుండే చాల్, అంటే వరుసగదుల మేడ, వరండాలో నలుగురూ కూడారు.

"మన గల్లీకి నల్లా వచ్చి యాభై యేండ్లాయె. దానికెయ్యమను," అంది ఎనభై ఏళ్ల ముత్తమ్మ.

"నల్లాకు స్టాంపేందే అవ్వా? దేశానికి పనికొచ్చింది గావాలె. వచ్చే ఏడు వీటీ స్టేషన్‌కు నూరేండ్లు. అందరు స్టేషన్ బొమ్మ అడుగుతరు. ఆ రాళ్లు మోసింది మా తాత బాలయ్య మేస్త్రి. ఆయన బొమ్మనే ఎయ్యమందాం," అన్నాడు నారాయణ.

అందరూ సరేనన్నారు. అర్జీతో ఫోటో జతచేయాలి. మేస్త్రి బతుకంతా రాళ్లెత్తాడే గాని ఏనాడూ ఫోటో దిగలేదు.

"మీ పెదనాయినది అచ్చం మేస్త్రి మొఖమే గద," అంది ముత్తమ్మ.

మేస్త్రి కొడుకు బక్కయ్యకు డెబ్భై దాటాయి. మాట పూర్తికాకముందే తలపాగా చుట్టుకుని తయారయ్యాడు. ఫాక్‌లాండ్ రోడ్ మీద స్టూడియో నడిపే శివరాం ఫోటో తీశాడు. తీరా చూస్తే, అందులో బక్కయ్య నవ్వుతున్నాడు. బతికున్నవాళ్లకు స్టాంపు లేదన్నది తపాలావారి నియమం.

"ఇది చూస్తే సాహెబ్‌కు శక్ వస్తది," అన్నాడు నారాయణ. "పటం కట్టి, దండేసి, దీపం పెట్టి మళ్ల ఫోటు తియ్."

ఆ ఫోటో అర్జీతో వెళ్లింది. దండ వేసిన పటం తన పనితనానికి గుర్తని మురిసి, శివరాం దాన్ని షాపు అద్దంలో నిలబెట్టాడు.

పదిహేను రోజులకు, కూలికి పోతున్న పాలమూరు మేస్త్రీలు ఆ పటం చూశారు. గంటలో బక్కయ్య పోయాడన్న వార్త వర్లి చేరింది. అక్కడుండే బక్కయ్య చెల్లెలు కిష్టమ్మ గుండెలు బాదుకుంటూ టాక్సీ దిగింది. పాడెకు వెదురుబొంగులు కూడా వచ్చేశాయి. ఆఫీసులో కబురందిన నారాయణ పరుగున వచ్చేసరికి చాల్ కిటకిటలాడుతోంది.

బక్కయ్య మాత్రం గడ్డం చేయించుకుని తీరిగ్గా మెట్లెక్కాడు. జనాన్ని చూసి, ముత్తమ్మే పోయి ఉంటుందనుకుని వెనుక వరుసలో చతికిలబడి తానూ ఘొల్లుమన్నాడు.

"వజ్రమసొంటి అన్నా! బక్కన్నా!" అని కిష్టమ్మ రాగం తీసింది.

"గదేందే! నేనీడనే ఉన్న గద!"

కిష్టమ్మ కెవ్వున అరిచి పడిపోయింది. మొఖం మీద నీళ్లు చల్లుతుండగా, విచారణకు వచ్చిన తపాలా ఇన్‌స్పెక్టర్ ఫైలు పట్టుకుని మెట్లెక్కాడు. ఫోటో వంక, బక్కయ్య వంక మార్చి మార్చి చూశాడు.

"ఈయనెవరు?"

నోరు విప్పొద్దని నారాయణ సైగ చేశాడు. బక్కయ్య ఛాతీ విరుచుకున్నాడు.

"ఫోటుల ఉన్నది నేనే, సాహెబ్!"

"మా అన్న బతికే ఉన్నడు, సాహెబ్! రాస్కో!" అంది అప్పుడే తెలివొచ్చిన కిష్టమ్మ, సంతోషం పట్టలేక. ఆయన రాసుకున్నాడు.

నెల తిరిగేలోగా జవాబు వచ్చింది. ఫోటోలోని వ్యక్తి జీవించి ఉన్నందున సూచన తిరస్కరించడమైనది. ఆయన మరణించిన పదేళ్ల తరువాత మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చును. నారాయణ ఆ జవాబును తిప్పి తిప్పి చదివాడు. రాళ్లు మోసిన తాత పేరు ఆ కాగితంలో ఎక్కడా లేదు. చాల్ జనానికి మాత్రం వేరేలా అర్థమైంది.

"అంటే సర్కార్ బక్కన్న స్టాంపుకు ఒప్పుకున్నట్టే గద!" అన్నాడు పక్కగది సైదులు. "గిప్పుడే పోతే పదేండ్లకు స్టాంపొస్తది."

మర్నాటి నుంచి చాల్‌లో ప్రతివారూ పొద్దున్నే బక్కయ్య ఆరోగ్యం ఎలా ఉందని శ్రద్ధగా అడగసాగారు. బాగానే ఉందని చెబితే నిట్టూర్చి పనికి పోయేవారు.