బోధన్ కంగారు రక్షణ సమితి

మంజీర పొంగి ఒడ్డు చేలల్లో చెరుకు మూడు రోజులు నడుం లోతు నీళ్లలో నిలబడ్డ సంవత్సరం ఒకటుంది. బోధన్ చుట్టుపక్కల వాళ్లు పెళ్లిళ్లూ చావులూ పంచాయితీలూ ఆ ఏటి నుంచే లెక్కపెడతారు. దానికి నాలుగో ఏడు, చెరుకు కొట్టే కాలంలో, ఆస్ట్రేలియా అడవులు తగలబడ్డాయి. సహజంగానే ఆ భారం బోధన్ మీద పడింది.

రెండింటికీ నడుమ సముద్రం ఉన్న మాట నిజమే. కానీ జాలికి సముద్రాలు అడ్డం రావు. పక్కింటి గోడ అడ్డం వస్తుందేమో గానీ, సముద్రం రాదు. ఊళ్లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడి అప్పటికి నాలుగేళ్లు దాటింది. దాని కోసం పడాల్సిన బాధంతా పడేసి పట్టణం కాస్త ఖాళీగా ఉంది. సరిగ్గా అప్పుడే మెల్‌బోర్న్‌లో ఉంటున్న విజయశ్రీ, బోధన్‌లోని తన పిన్ని ఉదయలక్ష్మి గారికి ఫోన్లో ఒక వీడియో పంపింది. తల్లి మంటల్లో పోయిన కంగారూ పిల్లను ఒక తెల్లామె గుడ్డసంచిలో పెట్టుకుని సీసాతో పాలు పడుతోంది. ఆ పిల్ల నెలల తరబడి తల్లి కడుపు సంచిలోనే పెరగాలి కాబట్టి, తల్లి లేనప్పుడు గుడ్డసంచే తల్లి. దెబ్బతిన్నవాటినీ దిక్కులేనివాటినీ అక్కడి సేవకులు ఇలా ఇళ్లల్లో సాకి, కోలుకున్నాక తిరిగి అడవిలో వదిలేస్తారట. వదిలేస్తారన్న ముక్క రాకముందే ఉదయలక్ష్మి గారికి ఏడుపొచ్చి వీడియో ఆపేశారు. అందుచేత ఆ ముక్క బోధన్‌లో ఎవరూ చూడలేదు.

వారం తిరక్కుండా సమితి పుట్టింది. అధ్యక్షులు ఉదయలక్ష్మి గారి భర్త కిషోర్‌బాబు గారు. వారి తాతగారు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద కొన్న భూమిలో ఇప్పటికీ చెరుకు పండుతోంది, కాబట్టి అధ్యక్షులు ఎవరన్న చర్చ రాలేదు. నిజామాబాదులో ఫ్లెక్సీ కొట్టించారు. కొట్టినవాడు దీర్ఘం మింగేశాడు. 'బోధన్ కంగారు రక్షణ సమితి' అని పడింది. కిషోర్‌బాబు గారు మొదట నొచ్చుకున్నా, అక్షరాలు పెద్దవిగా, తన ఫొటో అంతకన్నా పెద్దదిగా ఉండటం చూసి సర్దుకున్నారు. కంగారును అంత శ్రద్ధగా కాపాడిన సంస్థ జిల్లాలో మరొకటి లేదని ఆ తరువాత రుజువైంది.

మొదటి కార్యక్రమం సంచులు కుట్టి ఆస్ట్రేలియా పంపడం. కుట్టడానికి బీడీలు చుట్టే ఆడవాళ్లను పిలిచారు. చేతులు ఎలాగూ అలవాటుపడి ఉన్నాయి. సేవకు కూలి అడగడం సంస్కారం కాదని ముందే చెప్పారు. గుడ్డకు కూడా కష్టపడలేదు. మున్సిపల్ ఎన్నికలు అప్పుడే అయిపోయి, అన్ని పార్టీల కండువాలూ మూటలుగా మిగిలాయి. వాటినే కలిపి కుట్టారు. బద్ధశత్రువులైన పార్టీలు ఒకే సంచికి రెండు పక్కలా నిలబడటం చూసి పెద్దవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. కండువా నైలాను గుడ్డ, గాలి ఆడదు అని ఒకామె అన్నది. ఆమెను బొత్తాల పనికి మార్చారు.

ఆ ఆడవాళ్లలో భీమవ్వ ఒకతె. కిషోర్‌బాబు గారి చేనుకు కావలి కాసే ఆత్మారాం భార్య. మూడో రోజు ఆమెకు సందేహం వచ్చింది.

"ఔనమ్మా, గీ కంగారంటే ఏంది? మనసులకచ్చే కంగారేనా?"

ఉదయలక్ష్మి గారు ఫోన్లో బొమ్మ చూపించారు. భీమవ్వ దగ్గరికి, దూరానికి పెట్టి చూసింది.

"ఓయవ్వ! ఇది చెవులపిల్లే గదమ్మా! జర పెద్దగైంది. కడుపుకు సంచి కుట్టుకున్నది, గంతే!"

ఈ దిక్కున కుందేలును చెవులపిల్లి అంటారు. ఆడవాళ్లందరూ నవ్వారు. ఉదయలక్ష్మి గారు కూడా నవ్వారు గానీ, ఆ మాట వారి మనసులో ఎక్కడో కూర్చుంది.

నాలుగు వందల సంచులు తయారయ్యాక విజయశ్రీ ఫోను చేసింది. "పిన్నీ, ఇంక పంపకండి. ప్రపంచమంతా పంపింది, ఇక్కడ పెట్టే చోటు లేదు. కావాలంటే మీ దగ్గరున్న జంతువుల్ని చూసుకోండి."

సమితి అత్యవసరంగా సమావేశమైంది. కిషోర్‌బాబు గారు లేచి గొంతు సవరించుకున్నారు.

"మిత్రులారా! ఆస్ట్రేలియాలో అనాథలున్నాయి, సంచులున్నాయి. మన దగ్గర సంచులున్నాయి, అనాథలేవీ? ఇన్ని సంచులుండి ఒక్క అనాథ లేకపోవడం మన ప్రాంతానికి జరుగుతున్న అన్యాయం కాదా అని అడుగుతున్నాను!"

అన్యాయమేనని చప్పట్లు మోగాయి. వెంటనే గాలింపు మొదలైంది. గేదెదూడ సంచిలో పట్టలేదు. కోతిపిల్లను పట్టబోయిన కార్యదర్శికి దాని బంధువర్గం మొత్తం పరిచయమైంది. కుక్కపిల్లలు దొరికాయి గానీ, వీధిలో ఎప్పుడూ కనిపించేవాటి మీద జాలి పుట్టించడం కష్టమని వదిలేశారు. చివరకు ఉదయలక్ష్మి గారికి భీమవ్వ మాట గుర్తుకొచ్చింది. పొడుగు చెవులు, పొడుగు వెనక కాళ్లు, గెంతుడు నడక. చెవులపిల్లి కంగారూకు దేశవాళీ దాయాది అని తీర్మానం రాశారు. సంచి లేకపోవడానికి కారణం జాతిభేదం కాదనీ, ఈ ప్రాంతపు వెనుకబాటుతనమేననీ అందులోనే కలిపారు. అందరూ సంతకాలు పెట్టారు.

ఇక ఆత్మారాం సంగతి. అతను మూడో తరగతి దాకా చదివి, మిగతాది చేలో చదివాడు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఆ రోజు ఏదో జరిగిందని భీమవ్వ పొరుగువాళ్లకు చెప్పేది. అతనికి ఒక అలవాటుంది. చెరుకు కొట్టేటప్పుడు ఎక్కడైనా చెవులపిల్లి కూనలు కనబడితే, చుట్టూ నాలుగు గడలు దగ్గరకు లాగి పైన ఆకుతో ముడి వేస్తాడు. ముడి ఉన్నచోట కత్తి పెట్టకూడదు. కూనలు తమంతట తాము గెంతిపోయాక ఆ కాస్తా కొట్టుకుంటారు. మహారాష్ట్ర నుంచి ఏటా వచ్చే కూలీలకు తెలుగు రాకపోయినా ముడి వచ్చు. కూనలను కన్న తల్లి పగలు దగ్గర ఉండదు. ఉంటే ఆ వాసన పట్టుకుని కుక్కలూ నక్కలూ వస్తాయి. పొద్దుగూకే వేళ వచ్చి ఒక్కసారి పాలిచ్చి మళ్లీ వెళ్లిపోతుంది. ఇది ఆత్మారాంకు తెలుసు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

ఆ గురువారం ఆత్మారాం కాలువ తూము దగ్గరికి వెళ్లిన సమయంలో సమితి మూడు కార్లలో చేనుకు వేంచేసింది. గట్టు మీద తుమ్మచెట్లకు పాత చీరలతో కట్టిన తొట్టెలల్లో ఆరుగురు పసిపిల్లలు ఊగుతున్నారు. తల్లులు ఎండలో చెరుకు కొడుతున్నారు. గుడ్డలో వేలాడుతున్న పిల్లలను చూసి ఒక కొత్త కార్యకర్త ఉత్సాహంగా సంచి తీశాడు. అవి మనుషుల పిల్లలు, మన పరిధిలోకి రావని సీనియర్లు సర్దిచెప్పారు. ఇంకాస్త ముందుకు పోతే ఆకుముడి కనిపించింది. దాని కింద అరచేతిలో పట్టేంత కూనలు రెండు, కళ్లు తెరిచి, కదలకుండా ఉన్నాయి. పక్కన తల్లి లేదు. ఎంత పిలిచినా రాలేదు. అనాథలని నిర్ధారించారు. ఒక కూలీ మనిషి ముడి వైపు చూపిస్తూ మరాఠీలో గట్టిగా ఏదో అరిచింది. ఆమె ఆనందాన్ని కూడా వీడియో తీశారు.

ఆత్మారాం తిరిగి వచ్చేసరికి గడలు విరిగి, నేల మీద బూట్ల గుర్తులున్నాయి. భీమవ్వ పరుగెత్తుకొచ్చింది.

"నీ ముడి సూసే దొరకవట్టిండ్రయ్యా! కంగారు పిల్లలట! ఫంక్షన్ హాల్ల సభ వెట్టిండ్రు. నీకు గూడ శాలువ కప్తరట!"

ఆత్మారాం పొద్దు వైపు చూశాడు. రెండు బారలుంది. పొద్దు వాలేలోగా కూనలు ముడి కిందికి చేరితే బతుకుతాయి. టౌనుకు పోయే ఆటో వెనక వేలాడి వెళ్లాడు.

సభ అప్పుడే మొదలైంది. వేదిక మీద రెండు సంచులు వెండి పళ్లెంలో ఉన్నాయి. ఆత్మారాం నేరుగా కిషోర్‌బాబు గారి దగ్గరికి పోయాడు.

"సారూ, ఇయ్యి అనాథలు గావు. పొద్దుగూకంగ తల్లస్తది. నాకియ్యండ్రి, జల్ది ఇడిసొస్త."

"ఏవయ్యా ఆత్మారాం, ఎక్కడికి పోయావు? నీకోసమే చూస్తున్నాం. ముందు స్టేజీ ఎక్కు!"

ముఖ్య అతిథిగా వచ్చిన అటవీశాఖ అధికారి, అడవి జంతువులను ఇంట్లో పెట్టుకోవడం చట్టప్రకారం నేరమని వివరంగా చెప్పి, వీటిని ఇంట్లో పెట్టుకుంటున్నందుకు దంపతులను అభినందించారు. తరువాత అనాథల ఆచూకీ తెలిపిన వృద్ధుడని చెప్పి ఆత్మారాంకు శాలువా కప్పారు. రెండు ముక్కలు మాట్లాడమని మైకు చేతికిచ్చారు. ఆత్మారాం కిటికీలోంచి బయటకు చూశాడు. ఒక బార మిగిలింది.

"తల్లి ఉన్నది," అన్నాడు.

సభానిర్వాహకుడు రామ్‌దాస్ కాలేజీలో తెలుగు చెబుతాడు. మైకు లాక్కుని ఊగిపోయాడు.

"తల్లి ఉన్నది! ఎంత మాట! వేదాలు చెప్పని మాట! ఎవరా తల్లి? ఈ మూగజీవుల ఆర్తిని విన్న ఆ తల్లి మన ఉదయలక్ష్మమ్మ కాదా?"

చప్పట్లు పడ్డాయి. ఉదయలక్ష్మి గారు లేచి నమస్కారం పెట్టారు.

"అరే, గట్ల గాదు సారూ! పొద్దుగూకుతున్నది..."

"అవును! పొద్దుగూకుతున్నది! మానవత్వానికి పొద్దుగూకుతున్నది!"

ఈసారి చప్పట్లు రెండు నిమిషాలు ఆగలేదు. ఆత్మారాం జీవితంలో అంత మాట్లాడింది లేదు, అతని మాట జనానికి అంతగా అర్థమైందీ లేదు. ఆ తరువాత వందన సమర్పణ ముగ్గురు విడివిడిగా చేశారు. మూడో ఆయన కూర్చునేసరికి హాల్లో లైట్లు వేశారు.

మరునాడు తెల్లవారగానే అధ్యక్షుల గేటు దగ్గర ఆత్మారాం నిలబడి ఉన్నాడు. ఉదయలక్ష్మి గారు దయగలవారు, లోపలికి పిలిచి టీ ఇప్పించారు.

"అమ్మా, నిన్న తల్లచ్చి సూసుకొని పోయింది, మా భీమవ్వ సూసింది. ముడి సుట్టు తిరిగింది. శానసేపు కూసున్నది. ఇయ్యాల గూడ అస్తది. రేపు రాదు. ఇయ్యండ్రి."

"నువ్వు చదువుకోలేదు ఆత్మారాం, నీకు తెలీదు. కన్నతల్లయితే పిల్లల్ని అలా వదిలేసి పోతుందా? నేనైతే పోతానా చెప్పు?"

వారి అబ్బాయి రెండో తరగతి నుంచి హైదరాబాదు హాస్టల్లో ఉంటున్నాడు. అది వేరు. పదిగంటలకు టీవీ వాళ్లు వస్తున్నారని, అప్పటిదాకా ఏ అనాథనూ కదిలించడానికి వీల్లేదని చెప్పి ఆమె లోపలికి వెళ్లారు.

కూనలను ఏసీ గదిలో ఉంచారు. సీసా పాలు తాగలేదు. చెరుకు నేలలో పుట్టిన పిల్లలు తీపి లేకుండా ఎలా తాగుతాయని చక్కెర కలిపి నోట్లో పోశారు. కండువా సంచుల్లో మూతి దాకా కప్పారు. టీవీ వాళ్లు పదకొండున్నరకు వచ్చారు. వాళ్ల పని అయ్యేదాకా ఒకటి ఓపిక పట్టింది. రెండోది పన్నెండు దాటాక పోయింది.

సాయంత్రం సంతాప సభ. రెండు నిమిషాల మౌనం అనుకున్నారు గానీ సమోసాలు చల్లారుతాయని ఒక నిమిషానికి కుదించారు. మరణాలకు కారణం అనాథలను ఆలస్యంగా గుర్తించడమేనని సమితి ఏకగ్రీవంగా తేల్చింది. ఇకముందు మరింత చిన్న వయసులోనే రక్షించాలని నిర్ణయించారు. పైగా ఆదివారం నిజామాబాద్ శాఖ ప్రారంభోత్సవం ఉంది. అక్కడి వాళ్లు కనీసం ఎనిమిది అనాథలు కావాలని కబురు పెట్టారు. ఆత్మారాంను క్షేత్రాధికారిగా నియమించి, మెరిసే పచ్చరంగు కోటు తొడిగారు. కాలువ కింద ఏ చేలో ఏ చెవులపిల్లి ఎక్కడ తిరుగుతుందో అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదని కిషోర్‌బాబు గారు సభకు చెప్పారు. అది మాత్రం నిజం.

"రేపు పొద్దున్నే మొదలుపెట్టెయ్. సరేనా?"

"సరే," అన్నాడు ఆత్మారాం.

మరునాడు పొద్దున్నే మొదలుపెట్టాడు. పచ్చకోటు జేబుల నిండా కాలువగట్టు గులకరాళ్లు నింపుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ఏ జీవి మీదా చెయ్యెత్తని మనిషి, గట్టు గట్టూ తిరిగి, పొద పొదా కర్రతో బాది, లేచిన ప్రతి చెవులపిల్లినీ రాళ్లేసి తరిమాడు. చెవులు వెనక్కి వాల్చి అవన్నీ మంజీర దిక్కు పరుగులు పెడుతున్నాయి. సద్ది పట్టుకుని వచ్చిన భీమవ్వ గట్టు మీదే ఆగిపోయింది.

"ఏమైందయ్యా నీకు? గటు దిక్కు ఎందుకు తోలుతున్నవు? ఏటి ఒడ్డుకు వలలు గట్టేటోళ్లున్నరు. దొర్కితె కోసుకొని తింటరు!"

ఆత్మారాం నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"తింటరు," అన్నాడు. "తిని ఊకుంటరు."

వంగి ఇంకో రాయి ఏరుకున్నాడు.