వెలీకా ఎఫ్ వారం

ఆ శుక్రవారం ఉదయం వెలీకా అనుకున్నది చాలా చిన్న పని. పక్కింటి డోరీన్ నిద్ర లేవకముందే ఆమె గేటుకు ఒక కాగితం అంటించి రావాలి. తర్వాత జున్ను రొట్టె కాల్చి, వేడిగా ఆమె చేతిలో పెట్టి వీడ్కోలు చెప్పాలి. అదీ డోరీన్ సొంత భాషలో, ఇంగ్లీషులో.

వీడ్కోలు అంటే వెలీకాకు చచ్చేంత భయం. భర్త ఆఖరిసారి గనిలోకి వెళ్ళిన పొద్దున ఆమె పిండి పిసుకుతోంది. తల కూడా ఎత్తలేదు. చెల్లెలు సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి కాపురం మారిపోతుంటే ఏదో చెప్పబోయేలోపే బస్సు కదిలింది. చెప్పాల్సిన మాట ప్రతిసారీ ఆమె గొంతులోనే ఉండిపోయింది. ఈసారి అలా జరగనివ్వకూడదు.

డోరీన్ ఇంగ్లండు నుంచి వచ్చి ఈ బల్గేరియా పల్లె బ్రెస్తోవాలో ఇల్లు కొనుక్కున్న ఒంటరి మనిషి. ఇద్దరి స్నేహమంతా కంచె మీదుగానే నడిచింది. ఇటు నుంచి కాల్చిన ఎర్ర మిరప పచ్చడి సీసా వెళ్తే, అటు నుంచి ఎండు ద్రాక్ష కేకు వచ్చేది. డోరీన్‌కు వచ్చిన బల్గేరియన్ అంతా 'చలి', 'బాగుంది', 'ఇంకా వద్దు'. వెలీకాకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఇద్దరికీ ఏనాడూ లోటనిపించలేదు. ఇల్లు అమ్మేసి వెళ్ళిపోతోందని తెలిశాకే, ఊరి గ్రంథాలయం మూసేస్తుంటే తెచ్చుకున్న ఇంగ్లీషు మాటల పుస్తకం దుమ్ము దులిపింది వెలీకా.

చిన్నప్పుడు బడి చదువు సాగలేదు. చదవడం తనంతట తానే నేర్చుకున్న మనిషి కాబట్టి, మధ్యలోంచి మొదలుపెట్టడం ఆమె దృష్టిలో దొంగతనం. ఏ నుంచి మొదలుపెట్టి వారానికో అక్షరం. ఒక్కో మాటా కాగితం మీద రాసి, ఆ వస్తువుకే మైదా జిగురుతో అంటించేది. ఇబ్బందల్లా ఒక్కటే. కొత్త అక్షరం ఇంట్లోకి రాగానే పాతది పెరటి గుమ్మం గుండా వెళ్ళిపోయేది. ఈ వారం ఎఫ్. కంచెకు ఫెన్స్, పిండి డబ్బాకు ఫ్లౌర్, పాపం ఈగల మందుకు ఫ్లై. వచ్చే వారం పేజీ కూడా ఒకసారి తొంగి చూసింది. అక్కడ గుడ్‌బై అన్న మాట కనబడగానే చటుక్కున పుస్తకం మూసేసింది.

ఇక డోరీన్‌కు ఏ మాట అంటించాలి? ఊరి పండుగలో తీసిన ఆమె ఫోటో ఒకటి ఉంది. దాన్ని కాగితం మధ్యలో అతికించి, పైన ఫ్రెండ్ అని, కింద ఫరెవర్, ఫేర్‌వెల్ అని పెద్ద అక్షరాలతో రాసింది. బోసిగా ఉందనిపించి చుట్టూ నల్ల గీత గీసింది. భర్త పోయినప్పటి నుంచీ ఏటా ఆయన సంవత్సరీకానికి గేటుకు కాగితం తయారు చేసిన చేయి అది. ఫోటో ఉన్న కాగితాన్ని ఇంకోలా చేయడం ఆ చేతికి తెలియదు.

అంటించి ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది. డోరీన్ మామూలుగా పొద్దెక్కితే గానీ లేవదు. అట్టపెట్టెలకు టేపు అయిపోయిందని ఆ రోజు మాత్రం అప్పటికే మొదటి బస్సులో పట్నం వెళ్ళిపోయిందన్న సంగతి వెలీకాకు తెలియదు.

కాగితాన్ని మొదట చూసింది కొట్టు నడిపే గింకా. ఇంగ్లీషు చదవలేదు గానీ, గేటు మీద నల్ల అంచు మధ్య ఫోటో ఉంటే చదవాల్సిన పనేముంది? ఆ ఊళ్ళో చావు కబురు చెప్పేది అలాగే. శిలువ గుర్తు వేసుకుని తలుపు కొట్టింది. పలుకు లేదు. పరుగున వెళ్ళి ఫాదర్ సావాను పిలుచుకొచ్చింది. ఆయన సెమినరీలో ఇంగ్లీషు చదివినవాడు. కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు.

"మిత్రురాలు. ఎప్పటికీ. సెలవు," అని అర్థం చెప్పి తలపాగా లాంటి నల్ల టోపీ తీశాడు. "ఇంక అనుమానం లేదమ్మా."

చర్చి గంట మోగింది. వెలీకా పిండి చేతులతోనే వాకిట్లోకి వచ్చింది. ఎదురుగా గింకా.

"అత్తా, గుండె దిటవు చేసుకో. డోరీన్ చనిపోయింది."

"నిన్న సాయంత్రం నా దగ్గర కేకు గిన్నె తీసుకెళ్ళిందే."

"మనిషి ప్రాణం అంతే కదా. పెట్టెలు ఎత్తుతుంటే గుండె ఆగిందంట. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళారంట."

"ఎవరు చెప్పారు?"

"గేటుకు అంటించారు అత్తా."

గేటుకు అంటించారంటే నిజమే. వెలీకా అక్కడే మెట్టు మీద కూలబడింది. ఈసారీ చెప్పలేకపోయానే అని ఏడ్చింది. తాను అంటించింది ఇంగ్లీషు పాఠం. గింకా చెబుతున్నది చావు కబురు. ఈ రెండూ ఒకే కాగితం కావచ్చన్న ఆలోచన ఆ దుఃఖంలో ఆమెకు రాలేదు. లేచి, పోయినవాళ్ళ పేర పంచడానికి గోధుమలు ఉడికించి చక్కెర కలిపింది. జున్ను రొట్టె మాడిపోయింది.

డోరీన్ గేటు ముందు ఊరంతా చేరింది. ఆమెతో ఎన్నడూ మాట్లాడనివాళ్ళు కూడా ఆమెను తలుచుకుంటున్నారు. "మా మేక పారిపోతే పట్టుకొచ్చింది పాపం," అన్నాడొకాయన. "నవ్వితే భలే ఉండేది," అంది ఇంకొకావిడ. ఫాదర్ ప్రార్థన అందుకున్నాడు. వెలీకా కొవ్వొత్తి పట్టుకుని దగ్గరికి వెళ్ళి, కళ్ళు తుడుచుకుని కాగితం చూసింది. తోక వంకర తిరిగిన ఆ ఎఫ్‌లు ఎవరివో ఆమెకు బాగా తెలుసు.

"గింకా, ఆ కాగితం నాది," అని గొణిగింది.

"నీదే అనుకో అత్తా. నువ్వు కాక ఆమెకెవరున్నారు?"

"అది కాదే. ఆమె చనిపోలేదు."

"నమ్మబుద్ధి కాదు, నాకు తెలుసు. మా అమ్మప్పుడు నేనూ ఇలాగే అన్నాను," అని గింకా ఆమె భుజం చుట్టూ చేయి వేసి గట్టిగా పట్టుకుంది. ఇక కదలడానికి లేదు.

అంతలో సోఫియా నగరం నుంచి ఇల్లు కొనడానికి వచ్చిన దంపతులు కారు దిగారు. ముందు పూలగుత్తితో నవ్వుతూ దిగారు, తర్వాత నవ్వు ఆపేశారు.

"ఇంటావిడ పోయిందని ఫోన్లో ఒక్క మాట చెప్పలేదేంటి?" అంది భార్య.

"ఆవిడెలా చెప్తుందమ్మా?" అంది గింకా.

"మరి సంతకం ఎవరు పెడతారు?" అన్నాడు భర్త.

"సిగ్గుండాలి. పద. పెళ్ళయిన కొత్తలో మీ అమ్మ ఉన్న ఇంట్లో వేగాను, చాలు. ఇప్పుడు ఈ ఆత్మతో కూడానా?" భార్య పూలగుత్తిలోంచి ఒకటి తీసేసి, లెక్క సరి సంఖ్యకు తెచ్చి గేటు దగ్గర పెట్టింది. పోయినవాళ్ళకు అలాగే పెట్టాలి. కారు వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఆ దుమ్ము ఇంకా అణగకముందే పట్నం బస్సు వచ్చి ఆగింది. టేపు చుట్టలు చేతికి గాజుల్లా వేసుకుని డోరీన్ దిగింది.

ఫాదర్ సావా ప్రార్థన నడుమ ఆగిపోయింది. ఎవరో కొవ్వొత్తి వదిలేశారు. డోరీన్ జనాన్నీ, పూలనూ, తన ఫోటోనూ చూసుకుంటూ మెల్లగా వచ్చి, కాగితం చదివింది. వెలీకా గింకా చేయి విడిపించుకుని ముందుకొచ్చింది. చెప్పాల్సింది కొండంత ఉంది. చేతిలో ఉన్నది ఒక్క అక్షరం.

డోరీన్ వైపు చూపించి "ఫ్రెండ్," అంది. తన గుండె మీద వేలు పెట్టుకుని "ఫూల్," అంది. కాసేపు వెతుక్కుని రెండు చేతులూ జోడించి "ఫర్గివ్," అంది. ఇంకా ఏదో కావాలి. ఉండిపో అన్న మాట ఏ అక్షరంలో ఉందో, ఎన్ని వారాల దూరంలో ఉందో ఆమెకు తెలియదు. అందుకని కన్నీళ్ళతో "ఫుడ్," అని గోధుమల గిన్నె ముందుకు చాపింది.

డోరీన్ పకపకా నవ్వి, నవ్వుతూనే తన మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఫాదర్ సావాతో ఇంగ్లీషులో ఏదో చెప్పింది. ఆయన టోపీ నలుపుకుంటూ ఊరివాళ్ళకు చెప్పాడు. "మొన్న చలికాలం మంచులో జారిపడి ఈవిడ చాలాసేపు లేవలేకపోయిందట. తాను పోయినా ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదనుకుని ఇల్లు అమ్మేద్దామనుకుందట."

"అరిస్తే వినబడేది కదమ్మా," అంది గింకా, తప్పు ఆమెదే అన్నట్టు.

డోరీన్ తన చావు గోధుమలు ఒక చెంచా తిని "బాగుంది," అంది. గిన్నె మళ్ళీ చాపితే "ఇంకా వద్దు," అనలేదు. కాసేపటికి వెలీకా వైపు తిరిగి, మిరపకాయలు కాలుస్తున్నట్టు చేతులు తిప్పుతూ, ఈ ఏడు పచ్చడి ఎప్పుడు పెడదామని సైగ చేసి అడిగింది. టేపు చుట్టలు గింకా తన కొట్లో అమ్మకానికి తీసుకుంది.

సోమవారం వెలీకా పుస్తకం తెరిచింది. ఈ వారం జి, గుడ్‌బై ఉన్న అక్షరం. జీవితంలో మొదటిసారి ఆమె పేజీలు దాటవేసి, హెచ్‌తో మొదలుపెట్టింది.