నిప్పుల్లో వెతికిన గడియారం

"ఈ కొండల్లో టిక్కుమనే ప్రతి వస్తువూ నన్నడిగే టిక్కుమంటుంది! దొంగ అనేవాడు పుడితే నా కంట పడటానికే పుట్టాలి!" అని ఓనోరే మత్తే ఒక మొద్దు మీదకెక్కి ప్రకటించాడు.

"ముందు మీరు దిగండి బావగారూ, క్యాబేజీ ఆకులు తొక్కేస్తున్నారు," అంది ఇర్మా.

ఓనోరే ఆమె భర్త లూసియాన్‌కి అన్న. ఏళ్ల తరబడి తపాలా ఆఫీసులో ముద్రలు కొట్టి, రిటైరయ్యాక కొట్టడానికి ముద్రలు లేకపోయేసరికి తనంతట తానే డిటెక్టివ్ అయిపోయాడు. ఇంతవరకు ఆయన పట్టుకున్న నేరస్తుడు పొరుగింటి పిల్లి ఒక్కటే. అదీ పాపం నిర్దోషి అని తేలింది.

ఆ రోజు లె లోక్ల్ పట్టణపు పాత గడియారాల సంఘంవాళ్ల ఆకురాలు కాలపు విందు. ఊరి పైనున్న పచ్చిక బయలులో కట్టెలు కాల్చి, లావుపాటి సాసేజ్‌లను క్యాబేజీ ఆకుల్లో, ఆపైన పేపర్లో చుట్టి, నీళ్లలో తడిపి, వేడి బూడిదలో పూడ్చిపెడతారు. అవి మగ్గేవరకు వైన్ తాగుతూ ఒకరి గడియారాన్ని ఇంకొకరు మెచ్చుకున్నట్టు నటిస్తారు.

ఈసారి గొప్పగా చూపిద్దామని లూసియాన్ తెచ్చింది ఇర్మా నాన్నగారి క్రోనోగ్రాఫ్. మీట నొక్కి ఎంతసేపైందో కొలిచే వీలున్న, పక్కన రెండు మీటల స్టీలు చేతిగడియారం. గాజు మీద గీత, అమ్మబోతే ఎవరూ పెద్దగా మొగ్గు చూపరు. కానీ ఇర్మా చిన్నప్పుడు బడి నుంచి మంచులో స్కీల మీద జారుకుంటూ మలుపు తిరగగానే ఆ పెద్దాయన మీట నొక్కేవాడు. గుమ్మం చేరగానే ఆపి, ఎంత ఆలస్యమైనా సరే, "నిన్నటికంటే ముందే వచ్చావే చిట్టీ!" అనేవాడు. ఆయన గుర్తుగా ఇంట్లో మిగిలింది అదొక్కటే.

"నాన్న గడియారం ఏదండీ?" అంది ఇర్మా.

"సాసేజ్‌ల బుట్టలో భద్రంగా ఉంది. దొంగలు కనిపెట్టకుండా మెత్తటి తోలులో చుట్టి, పైన పేపర్..." అంటూనే లూసియాన్ బుట్టలోకి తొంగిచూశాడు.

బుట్ట ఖాళీ. అందులోని పేపర్ పొట్లాలన్నీ సంఘం అధ్యక్షుడు కమీ ముసలాయన నీళ్లలో ముంచి, బూడిదలో పూడ్చి, చేతులు దులుపుకుంటున్నాడు.

"మా నాన్న గడియారాన్ని సాసేజ్‌లతో కలిపి కాల్చేశారా!"

పారలు లేచాయి. బూడిద ఎగిరింది. ఒక్కో పొట్లం విప్పారు. సగం ఉడికిన సాసేజ్‌లు సిగ్గుపడుతున్నట్టు ఎర్రగా బయటపడ్డాయి. గడియారం మాత్రం లేదు.

"అయితే ఇది హత్యే!" అన్నాడు ఓనోరే.

"దొంగతనం బావగారూ."

"మొదట్లో అన్నీ దొంగతనాల్లాగే ఉంటాయమ్మా. కమీగారూ! ఇందాకట్నుంచీ మీరెక్కడున్నారు?"

"నీ పక్కనే ఉన్నానయ్యా, నీ గ్లాసు నింపుతూ."

"విన్నారా? సాక్షిని తాగించారు!"

ఇర్మా గడ్డిలో చతికిలబడింది. ఏడవలేదు. ఏడిస్తే బావగారు ఆ కన్నీళ్లను కూడా సీసాలో పట్టి పరీక్షకు పంపుతాడని భయం. లూసియాన్ దగ్గరికి రాబోతే, "అడగకుండా తెచ్చారు, అడిగినా దొరకదిప్పుడు," అంది మెల్లగా. అతను అక్కడే ఆగిపోయాడు.

"అందరి జేబులూ సోదా చెయ్యాలి!" అన్నాడు ఓనోరే.

"మీ జేబులతోనే మొదలెట్టండి," అంది ఇర్మా విసుగ్గా.

"తప్పకుండా! వేలెత్తి చూపేవాడి చెయ్యి కడిగిన ముత్యంలా ఉండాలి. చూడండి!" అంటూ కోటు విప్పి, తలకిందులు చేసి, అందరి ముందూ దులిపాడు. భూతద్దం పడింది. ముక్కు తుడుచుకునే గుడ్డ పడింది. ఆ తర్వాత ఒక పేపర్ పొట్లం పడింది.

"సాసేజ్ దొంగ!" అని కమీ గర్జించాడు.

ఆ కొండల్లో గడియారం పోతే పోలీసులకు చెబుతారు. విందులో సాసేజ్ పోతే మునిమనవళ్ల దాకా చెప్పుకుంటారు.

"అది... నీళ్లలో ముంచకముందే ఒకటి పక్కన పెట్టుకున్నాను," అన్నాడు ఓనోరే, గొంతు బాగా తగ్గించి. "రాత్రికి. ఇంట్లో పొయ్యి వెలిగించేవాళ్లు లేరు కదా."

ఇర్మా ఆ పొట్లం అందుకుంది. సాసేజ్‌కి ఇంత తేలికేమిటని పేపర్ విప్పింది. లోపల క్యాబేజీ ఆకు లేదు, మెత్తటి తోలు ఉంది. తోలులో గడియారం ఉంది. మీట నొక్కితే సన్నటి ముల్లు బుద్ధిగా బయల్దేరింది. అప్పుడు ఏడ్చింది ఇర్మా, ఎవరు పరీక్షకు పంపుకున్నా సరేనని.

లూసియాన్ చెయ్యి చాపాడు. ఆమె ఆ చేతిలో పార పెట్టి, గడియారం తన మణికట్టుకే కట్టుకుంది. "ఆ సాసేజ్‌లు మళ్లీ పూడ్చండి. బావగారూ, రాత్రికి మా ఇంటికే భోజనానికి రండి."

దాంతో ఓనోరేకి పోయిన ప్రాణం, దానితోపాటు గొంతూ తిరిగొచ్చాయి. మళ్లీ మొద్దెక్కాడు.

"కేసు తేలిపోయింది! వస్తువును నీటినుంచి, నిప్పునుంచి కాపాడాను. దొంగను పట్టుకున్నాను!"

"దొంగవి నువ్వే కదయ్యా!" అన్నాడు కమీ.

"అందుకే ఇంత త్వరగా పట్టుకున్నాను. ఇంకెవరైనా అయ్యుంటే నాకు ఏళ్లు పట్టేది!"