అత్తగారి జబ్బు, యాభయ్యో పుస్తకం

డిసెంబరు ముప్ఫై ఒకటి ఉదయం షీబా వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. బ్యాంకుకు సెలవు పెట్టాలి, మధ్యాహ్నానికల్లా పుస్తకం పూర్తి చెయ్యాలి, సాయంత్రం సమీక్ష రాసి పుస్తకాల వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఏడాదికి యాభై చదువుతానని జనవరిలో ఆ గ్రూపులో అందరి ముందూ ప్రకటించింది. నలభై తొమ్మిది అయ్యాయి. చల్లపల్లి లహరి తన యాభై దీపావళికే ముగించి, అప్పటి నుంచీ రోజూ పొద్దున్నే "షీబా గారూ, ఎంతవరకు వచ్చారండీ?" అని ఎంతో ప్రేమగా అడుగుతోంది. మిగిలిన ఆ ఒక్కటీ అపరాధ పరిశోధన నవల. జమీందారును చంపిందెవరో తెలియకుండా సగంలో ఆగి ఉంది.

"సార్, మా అత్తయ్య గారికి ఒంట్లో బాగోలేదండీ. ఇవాళ రాలేనండీ," అని మేనేజరుకు ఫోను చేసింది.

పెరట్లో బొచ్చె చేపకు పొలుసు తీస్తున్న అత్తగారు లీలావతి తలెత్తింది. "నాకేమైందే?"

"ఏం కాలేదత్తయ్యా. ఈ ఒక్క రోజుకే."

"ఏడాదంతా ఆగి, చివరి రోజున అబద్ధమాడావా? అదీ నా మీద పెట్టి!"

మేనేజరు నాగుల్ మీరా చెడ్డవాడైతే కథ ఇక్కడితో ఆగిపోయేది. కానీ ఆయన బంగారం లాంటి మనిషి. బ్యాంకుకు వెళ్తూ వెళ్తూ భార్య హసీనానూ, సంచీడు యాపిల్ పళ్ళనూ వెంటబెట్టుకుని గుమ్మం ముందు దిగాడు. కిటికీలోంచి చూసిన షీబా భర్త జాషువా "మీ మేనేజరే!" అని లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

షీబా అత్తగారిని రెక్క పట్టుకుని లాక్కొచ్చి, మంచం మీద పడుకోబెట్టి, మెడ దాకా దుప్పటి కప్పింది. చేతిలో ఉన్న పుస్తకాన్ని తలగడ కింద దోపింది. పాపం, లీలావతికి చేతులు కడుక్కునే వ్యవధి కూడా లేకపోయింది.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు నాగుల్ మీరా.

లీలావతి జన్మలో అబద్ధమాడి ఎరగదు. నోరు విప్పితే నిజం వచ్చేస్తుందని భయపడి మూలిగింది. ఆ మూలుగు ఎంత బాగా కుదిరిందంటే ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఏదో వాసన..." అంటూ హసీనా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"నాటు మందండీ. చేతులకి రాశాం," అంది షీబా.

నాగుల్ మీరా బ్యాంకుకు వెళ్ళి, "పాపం, ఆవిడకి మాట కూడా రావట్లేదు," అన్నాడు. క్యాషియరు శ్యాంబాబు షీబా వాళ్ళ చర్చికే వెళ్తాడు. ప్రార్థన చెయ్యమని చర్చి గ్రూపులో పెట్టాడు. ఆ కబురు పెడన చేరేసరికి పక్షవాతమైంది. గుడివాడలో ఉన్న ఆడపడుచు కల్పనకు చేరేసరికి ఆఖరి చూపుల దాకా వచ్చింది.

ఇంటి ముందు చెప్పులు పెరిగిపోయాయి. వచ్చినవాళ్ళకల్లా షీబా కాఫీ కలుపుతూనే ఉంది. కాస్త సందు దొరకగానే గదిలోకి పరిగెత్తింది. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది.

"అత్తయ్యా, ఆ పుస్తకం ఇలా ఇవ్వండి."

"ఉండవే. ఊరికే పడుకుంటే పొద్దెలా పోతుంది? రోగం నాకూ, పుస్తకం నీకూనా?"

మధ్యాహ్నం కల్పన ఆటో దిగుతూనే ఏడుపు అందుకుంది. "అమ్మా! నన్నొదిలి వెళ్ళిపోతున్నావా!" అంటూ గదిలోకి దూసుకొచ్చింది.

లీలావతి పేజీ మీంచి తలెత్తలేదు. "ఉష్! ఇప్పుడే రెండో శవం దొరికింది."

కల్పన మంచం కోడు పట్టుకుని అక్కడే కూలబడింది. ఆమె మొహాన నీళ్ళు చల్లి, మజ్జిగ తాగించి, సంగతంతా చెప్పి ఒట్టు వేయించుకునేసరికి షీబాకు ఆ పూటా పోయింది.

సాయంత్రం పాస్టరు ఫిలిప్ గారు సంఘస్థుల్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి లీలావతి పొయ్యి దగ్గర నిలబడి చేప ముక్కలు వేయిస్తోంది. "స్తోత్రం!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. షీబా కాఫీ కప్పుల పళ్ళెంతో గబగబా పక్కకు వచ్చి నిలబడింది. అడిగితే అత్తగారు నిజమే చెబుతుంది.

"ఎలా లేచారమ్మా?" అని పాస్టరు గారు అడగనే అడిగారు.

"చదివి లేచానండీ. పొద్దుట్నుంచీ కదలకుండా చదివాను."

"వాక్యానికున్న శక్తమ్మా అది!"

"ఏం శక్తో ఏమోనండీ, చంపినవాడెవడో తెలిసేదాకా నాకు అన్నం సయించలేదు."

"పాపం ఏనాటికైనా బయటపడాల్సిందేనమ్మా."

"పడింది, పడింది. ఆ గుమస్తానే! చూస్తే ఎంత నెమ్మదస్తుడనుకున్నారు!"

షీబా పళ్ళెం పాస్టరు గారి ముందుకు తోసింది. బైబిల్లో గుమస్తా ఏ అధ్యాయంలో వస్తాడా అని ఆలోచిస్తూనే పాస్టరు గారు కాఫీ అందుకున్నారు.

హంతకుడు తెలిసిపోయాక మిగతా సగం చదవడానికి షీబాకు చేతులు రాలేదు. చదవకుండానే చదివానని రాద్దామంటే, రోజుకు ఒక్క అబద్ధం చాలనిపించింది. గ్రూపులో "నలభై తొమ్మిది" అని పెట్టి ఊరుకుంది. క్షణంలో లహరి నుంచి కన్నీళ్ళ బొమ్మలు వరసగా మూడు వచ్చాయి. "అయ్యో పాపం షీబా గారూ! ఆ నవల అంత కష్టంగా ఉందా అండీ? నేనూ ఇవాళే మొదలుపెట్టాను, రేపటికి అయిపోతుంది."

పక్కనుంచి తొంగిచూసిన లీలావతి, "చదివింది నేను కదే, నా అభిప్రాయం కూడా రాయి," అంది. ఆవిడ చెబుతుంటే షీబా ఒక్క అక్షరం మార్చకుండా టైపు చేసి పంపింది: "కథ బాగుంది. అక్షరాలు మరీ చిన్నవి. గుమస్తాను నమ్మొద్దు, ఇద్దర్నీ చంపింది వాడే."

లహరి గ్రూపులోంచి వెళ్ళిపోయింది.

మర్నాడు చర్చి నుంచి నడిచి వస్తూ లీలావతి అటూ ఇటూ చూసి, కోడలి చెవిలో మెల్లగా అడిగింది. "మళ్ళీ నాకెప్పుడు ఒంట్లో బాగోదే?"