కట్టకు ఎగువన న్యాయం

ఒక పెద్ద అడవిలో ఏరు మాత్రం చిన్నది. అందుకేనేమో, దాని మీద పెట్టిన నీటి సంఘం చాలా పెద్దది.

ఏనుగు అధ్యక్షుడు, నక్క కార్యదర్శి, కొంగ నిపుణుడు. ఏటికి అడ్డంగా మట్టికట్ట వేసుకుని, ఎగువన ఏనుగులూ దున్నలూ పొర్లేవి. కట్ట సందుల్లోంచి కారిన నీళ్లే కిందికి పారి, నూకాలు అనే కప్ప ఉండే మడుగును నింపేవి. అందులో దాని పిల్లలు, ఇంకా కాళ్లు మొలవని తోకకప్పలు, ఈదులాడేవి.

ఆ వేసవిలో కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉపన్యాసం దంచింది. “కారిపోయే ప్రతి చుక్కా వృథాయే. వృథా ఆపితే అందరికీ సమానంగా అందుతుంది.”

చప్పట్లు కొట్టినవాళ్లంతా కట్టకు ఎగువన కూర్చున్నవాళ్లే. దున్నలు బంకమన్ను తొక్కి సందులన్నీ మెత్తేశాయి.

కొద్దిరోజులకే మడుగు అడుగంటింది. పిల్లలు బురదలో కొట్టుకుంటుంటే నూకాలు గెంతుతూ సంఘానికి పోయింది.

“దొరా, నా నీళ్లేవి?”

“నీ వాటా నీకుంది నూకాలూ,” అంది నక్క. “అందరితో సమానంగా రాశాం.”

“రాశారు సరే. ఆ రాతలో ఈదమననా నా పిల్లల్ని?”

“ఇన్నాళ్లూ నీకొచ్చింది వాటా కాదమ్మా, వృథా,” కొంగ విడమరిచి చెప్పింది. “పిల్లల బెంగ పెట్టుకోకు. నేనొచ్చి చూసుకుంటాను.”

“నువ్వు చూసుకున్న పిల్లలెవరూ పెద్దవాళ్లు కాలేదు బాబూ!”

ఏనుగు తొండమెత్తి సభను సద్దుమణిగించింది. “ముందు పథకం విజయోత్సవం కానివ్వండి. ఎండిన మడుగుల సంగతి వచ్చే సమావేశంలో చూద్దాం.”

ఉత్సవం నాటికి నీళ్లు కట్ట అంచుదాకా నిలిచాయి. పోదామంటే సందు లేదు. అధ్యక్షులవారు మెడలో పూలదండలతో నానిన కట్ట మీదికెక్కి, “సోదర జంతువులారా” అన్నారో లేదో, కాలికింద మన్ను జారింది. అంత శరీరం ఒక్కసారిగా పడేసరికి కట్ట నిలువునా తెగింది.

నీళ్లన్నీ కిందికి పరుగు. మడుగు పొంగింది. బురదలో అప్పటికే కదలడం మానేసిన పిల్లలు ఇక కదల్లేదు. మిగిలినవి ఈదాయి. నూకాలు వాటిని దగ్గరికి పోగేసుకుంటుండగానే, ఒళ్లంతా బురదతో సంఘం దిగింది.

“వాటాకు మించి నీళ్లు వాడుకున్నావు,” నక్క గొంతు సవరించుకుంది. “వచ్చే ఏటి వాటా రద్దు.”

“చేసుకోండి,” అంది నూకాలు. “మళ్లీ విజయోత్సవం ఎప్పుడో అది మాత్రం చెప్పిపోండి.”

నీతి: నీళ్లు సమానంగా పంచాలంటే పెద్దలందరూ కలిసి కూర్చోవాలి, కిందివాళ్లకు అందాలంటే ఆ పెద్దల్లో ఒకరు జారిపడాలి.