హైమవతి అలర్జీ, పరంజ్యోతి చెయ్యి

ఆ పట్టణంలో ఆడవాళ్లకు రాసిన అలర్జీ పరీక్షను భర్త చేతికి చేస్తారు. పెళ్లికానివాళ్లకైతే తండ్రి చేతికి. రేషన్ కార్డు మొదలు శుభలేఖ దాకా అన్నిచోట్లా ఆయన పేరే ముందుండగా, ఒక్క సూదిపోటుకు మాత్రం ఆవిడ చెయ్యి చాపడమేమిటని అక్కడ అందరూ ఎప్పుడో ఒప్పేసుకున్నారు.

హైమవతికి చిక్కుడుకాయ కూర తిన్నప్పుడల్లా పెదవులు బూరెల్లా పొంగేవి, గొంతు బిగుసుకుపోయేది. అత్తగారు దానికి ఈనెలు తీయడానికి బద్ధకమని పేరు పెట్టింది. చివరికి భర్త పరంజ్యోతి మునిసిపల్ ఆఫీసుకు సెలవు పెట్టి మరీ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మంచివాడు.

"హైమవతి ఎవరండీ?" అని నర్సు కేకేసింది.

"నేనేనండి."

"మీరు కూర్చోండమ్మా. మీవారిని చొక్కా చెయ్యి మడవమనండి."

పరంజ్యోతి ముంజేతి మీద చిక్కుడు రసం ఒక చుక్క, వేరుశెనగ రసం ఒక చుక్క వేసి నర్సు సూదితో గుచ్చింది. కాసేపటికి చిక్కుడు చుక్క దగ్గర చర్మం నున్నగా ఉంది. వేరుశెనగ దగ్గర మాత్రం ఎర్రగా దద్దురు లేచింది.

హైమవతి నర్సు పక్కకు జరిగి, "ఒక్క చుక్క నా చేతికీ వేసి చూడమ్మా," అని బతిమాలింది.

"మీ చేతికా?" నర్సు జాలిపడింది. "దాని మాట ఎవరు నమ్ముతారమ్మా?"

డాక్టర్ సత్యవాణి పరంజ్యోతి చేతిని వెలుతురులో తిప్పి చూసి హైమవతికి చెప్పింది. "మీకు చిక్కుడు చక్కగా పడుతుంది. వేరుశెనగ మాత్రం జన్మలో ముట్టుకోకండి."

"చిన్నప్పట్నించీ పల్లీలు తింటూనే ఉన్నానండి, ఏమీ కాలేదు. చిక్కుడు తింటేనే ఊపిరాడదు."

"అలా అనిపిస్తుందంతే," అని డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "నాకు రొయ్యలు పడవు. కానీ మా ఆయన చెయ్యి శుభ్రంగా ఉంది. తింటున్నాను."

"మరి నా సంగతేంటండీ?" అన్నాడు పరంజ్యోతి, దద్దురు గోక్కుంటూ.

మగవాళ్ల పరీక్ష వాళ్ల పైఅధికారి చేతికి చేస్తారు. కమిషనరుగారు పల్లీలు ఇష్టంగా తింటారు కనుక పరంజ్యోతికి ఏ భయమూ లేదని తేలింది. ఆ సాయంత్రం అతను ఇడ్లీల్లోకి పల్లీ చట్నీ వేసుకుని తిన్నాడు. ఒళ్లంతా దురద పెడితే చెమటకాయలన్నాడు.

డాక్టరు భరోసా ఇచ్చాక అత్తగారు చిక్కుడుకాయ తరచుగా వండసాగింది. ఓ ఆదివారం హైమవతి కంచం ముందే ఒరిగిపోయింది. ఆటోలో పడేసి ఆసుపత్రికి చేర్చారు. డాక్టరమ్మ ఆలస్యం చేయకుండా పరంజ్యోతి తొడకు ఇంజెక్షన్ ఇచ్చింది.

"ఎలా ఉంది?"

"గుండె దడదడలాడుతోందండి. ఊపిరి మాత్రం బ్రహ్మాండంగా ఆడుతోంది."

"రోగికి తగ్గింది," అని డాక్టరమ్మ నర్సుతో చెప్పింది.

వరండాలో బల్ల మీద పడుకున్న హైమవతి తిన్నదంతా కక్కేసి, ఒక్కో ఊపిరినీ బావిలోంచి చేదినట్టు లాక్కుంటూ, చీకటిపడే వేళకు ఎలాగో లేచి కూర్చుంది. అంతా మందు మహిమ అన్నారు. ఆమె కాదనలేదు. కాదనడానికి గొంతు కావాలి, అది ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు.

కొన్నాళ్లకు, అయిదో తరగతి చదివే కూతురు మేఘన అన్నం తింటూ తింటూ ఆగిపోయింది. కంచంలో చిక్కుడుకాయ కూర. పిల్ల పై పెదవి ఉబ్బుతోంది. హైమవతి పరుగున వచ్చి కంచం లాగేసింది.

"నోరు దురదగా ఉందా తల్లీ? గొంతు పట్టేసినట్టుందా? చెప్పమ్మా!"

మేఘన నాలుకతో పెదవి తడుముకుని వీధి గుమ్మం వైపు చూసింది.

"ఏమో అమ్మా. నాన్నని రానీ, చెయ్యి చూసి చెప్తాను," అని కంచం మళ్లీ తన ముందుకు లాక్కుంది.